ఏటి జబ్బు ఎగువనే మొదలవుతుంది

అందరికీ నమస్కారం. సెలవు రోజైనా ఇంతమంది వచ్చారు, చాలా సంతోషంగా ఉంది. మన గ్రూపు ఏం చేస్తుందని బయటివాళ్లని అడిగితే ఒకటే చెప్తారు, ఒడ్డున ప్లాస్టిక్ ఏరతారు అని. నిజమే, ఏరతాం, సంచులకి సంచులు నింపుతాం, అది మంచి పనే, కొత్తవాళ్లు మనలో చేరేది కూడా ఎక్కువగా ఆ పని చూసే. కానీ ఇన్నేళ్లు ఏటి వెంట తిరిగాక నాకు అర్థమైంది ఏంటంటే, ఏటి జబ్బుల్లో కంటికి కనపడే చెత్త చిన్నది, పెద్ద జబ్బులు ఏటికి చాలా దూరంలో, అసలు నీళ్లే కనపడని చోట మొదలవుతాయి. ఇవాళ నేను చెప్పాలనుకుంది అదే.

ఆ దూరంగా ఉన్న నేలని కూడా కలిపి వాటర్‌షెడ్ అంటారు, ఆ మాట విని కంగారు పడకండి. ఒక మిట్ట ఉందనుకోండి, వాన చినుకు ఇటుపక్క పడితే మన ఏట్లోకి వస్తుంది, అటుపక్క పడితే ఇంకో ఏట్లోకి పోతుంది, అలా మన ఏట్లోకి నీళ్లొచ్చే నేలంతా కలిపితే అదే మన వాటర్‌షెడ్, పుస్తకాల్లో పరీవాహక ప్రాంతం అంటారు. అంటే మీ డాబా, మీరు బండి పెట్టే చోటు, ఆ పక్క పొలం, దాని వెనక గుట్ట, అన్నీ ఏటి లెక్కలోకే వస్తాయి. ఒక నదికి నీళ్లు తెచ్చే పాయలన్నిటి పొడవూ కలిపి చూస్తే అందులో ఎక్కువ భాగం మ్యాపులో పేరు కూడా లేని సన్నటి వంకలే. వాటిల్లో కొన్ని ఏడాదిలో సగం రోజులు ఎండిపోయి ఉంటాయి కాబట్టి జనం వాటిని ఉత్త గుంతలనుకుని మట్టి పోసి పూడ్చేస్తారు, మళ్లీ పెద్ద వానొచ్చినప్పుడు నీళ్లు ఇళ్లల్లోకి ఎందుకొచ్చాయని అడుగుతారు. నాకు ఎక్కువ బాధ కలిగేది ఇదే, ఎందుకంటే పూడ్చిన వంకని మళ్లీ తవ్వి బతికించడం చాలా కష్టం.

నేల మెత్తగా ఉంటే వాన నీరు లోపలికి ఇంకుతుంది, తర్వాత ఊటగా నెమ్మదిగా ఏట్లోకి వస్తుంది, వానలు పోయాక కూడా ఏరు పారేది ఆ ఊట వల్లే. అదే నేల మీద సిమెంటు, తారు పరిచేస్తే నీళ్లన్నీ ఒక్కసారే పరిగెత్తుకొస్తాయి, వస్తూ వస్తూ రోడ్డు మీది నూనె, టైర్ల పొడి, ఎరువులు మోసుకొస్తాయి, గట్లు కోసేస్తాయి, ఆ తర్వాత ఊట ఉండదు కాబట్టి ఏరు ఎండిపోతుంది. అంటే వరదా, ఎద్దడీ రెండూ ఒకే కారణం నుంచి వస్తున్నాయన్నమాట. ఒక వాగు పరీవాహకంలో సుమారు 10 శాతం నేలని ఇలా కప్పేస్తేనే ఆ వాగు దెబ్బతినడం మొదలవుతుందని చాలా చోట్ల గమనించారు. పది శాతమే! మిగతా తొంభై శాతం పచ్చగానే ఉంటుంది, చూసేవాళ్లకి ఏమీ తేడా కనపడదు.

ఎగువ నేలని కాపాడటం ఎంత లాభమో న్యూయార్క్ నగరాన్ని చూస్తే తెలుస్తుంది. ఎనభై లక్షల పైన జనం ఉన్న ఊరు, వాళ్లు తాగే నీళ్లలో ఎక్కువ భాగం క్యాట్‌స్కిల్ కొండల నుంచి, డెలావేర్ నది ఎగువ నుంచి వస్తుంది, కొన్ని రిజర్వాయర్లు 150 కిలోమీటర్ల పైన దూరంలో ఉన్నాయి. ఆ నీళ్లకి పెద్ద ఫిల్టర్ ప్లాంట్ కట్టాలంటే వందల కోట్ల డాలర్లవుతుంది, దాని బదులు 1997లో ఎగువ ఊళ్లతో ఒప్పందం చేసుకున్నారు, అక్కడ భూములు కొన్నారు, రైతులు పేడ, మురుగు వాగుల్లోకి పోకుండా ఏర్పాట్లు చేసుకోడానికి డబ్బులిచ్చారు, ఆ కొండల నీళ్లు ఇప్పటికీ ఫిల్టర్ ప్లాంట్ లేకుండానే, క్రిమిసంహారం మాత్రం చేసి వాడుతున్నారు. దిగువ వాళ్లు ఎగువ వాళ్లని తిట్టకుండా వాళ్ల ఖర్చు పంచుకున్నారు చూడండి, నాకు బాగా నచ్చింది అది.

సరే, మన పనికొస్తాను. మేము తెల్లారకముందే టార్చిలైట్లు పట్టుకుని ఏటికి ఎందుకు పోతామని చాలామంది అడుగుతారు. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ చూడటానికి. నాచు పగలంతా ఎండలో ఆక్సిజన్ వదుల్తుంది, రాత్రి అదే తిరిగి వాడేసుకుంటుంది, అందుకని సూర్యుడు రాకముందు ఆక్సిజన్ బాగా పడిపోయి ఉంటుంది. మధ్యాహ్నం టెస్ట్ చేస్తే ఏరు శుభ్రంగా ఉన్నట్టే అనిపిస్తుంది, చేపలు చచ్చేది తెల్లవారుజామున. లీటరుకి 5 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే చాలా చేపలకి ఇబ్బంది, 2 కన్నా దిగితే ఎక్కువ చేపలు బతకవు. ఇంకోటి, నీళ్లు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్ తక్కువ పట్టుకుంటాయి, 20 డిగ్రీల దగ్గర సుమారు 9 మిల్లీగ్రాములు పడితే 30 దగ్గర ఏడున్నరే. గట్టు మీద నీడనిచ్చే చెట్టు కొట్టేస్తే చేపకి ఊపిరి తగ్గుతుందని నేననేది అందుకే.

పిల్లలకి మాత్రం బాగా ఇష్టమైన పని పురుగులు పట్టడం. వల దిగువ పక్క పట్టుకుని ఎగువ పక్క రాళ్లని కాలితో కదిలిస్తే రాళ్ల కింద ఉన్నవన్నీ కొట్టుకొచ్చి వల్లో పడతాయి, వాటిని తెల్ల ట్రేలో పోసి చూస్తాం. మేఫ్లై పిల్లపురుగులు, స్టోన్‌ఫ్లై పిల్లపురుగులు కనిపిస్తే నీళ్లు బాగున్నట్టు, అవి మురికికి తట్టుకోలేవు. క్యాడిస్‌ఫ్లై పిల్లపురుగైతే ఇసుక రేణువులు, పుల్లలు పట్టుదారంతో అతికించుకుని చిన్న గూడు కట్టుకుని అందులో ఉంటుంది, మొదటిసారి చూసినప్పుడు నేను చాలాసేపు అక్కణ్ణుంచి కదల్లేదు. అదే ట్రేలో ఎర్రటి సన్న పురుగులు మాత్రమే ఉంటే ఏరు ఇబ్బందిలో ఉందని అర్థం, వాటి ఒంట్లో మన రక్తంలాగే హిమోగ్లోబిన్ ఉంటుంది, ఆక్సిజన్ తక్కువున్నా బతికేస్తాయి. కిట్టుతో చేసే టెస్ట్ ఆ నిమిషం సంగతి చెప్తుంది, పురుగులు గడిచిన కొన్ని నెలల సంగతి చెప్తాయి, నిన్న రాత్రి ఎవరో ఏదో వదిలేసి పొద్దున్నకి నీళ్లు తేటపడిపోయినా పురుగుల దగ్గర ఆ లెక్క దొరికిపోతుంది.

ఈ లెక్కలన్నీ నోటుబుక్కులో రాయమని నేను ఎందుకింత పట్టుబడతానో కూడా చెప్పాలి. ఒక ఏడాది చేపలు చచ్చి తేలాయి, మేము ఫోటోలు తీసుకుని ఒక ఆఫీసుకి పోయాం, వాళ్లు ఒకటే అడిగారు, అంతకుముందు నీళ్లు ఎలా ఉండేవి, రాసిపెట్టారా అని. మా దగ్గర ఏమీ లేదు. ఆ చేపల గురించి ఇంకెవరూ ఏమీ చెయ్యలేదు, ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. ఆ వారం నుంచే నోటుబుక్కు మొదలైంది.

చెట్ల విషయంలోనూ మేము మొదట తప్పు చేశాం. ఒక్కరోజులో బోలెడు మొక్కలు నాటాం, మర్నాటి నుంచి ఎవరూ చూడలేదు, సగం పైన ఎండిపోయాయి. ఇప్పుడు తక్కువ నాటుతున్నాం, మూడేళ్లు చూసుకుంటున్నాం, కలుపు తీస్తాం, పశువులు మేయకుండా కంచె వేస్తాం. గట్టు మీద చెట్ల వరస ఉంటే వేళ్లు మట్టిని పట్టుకుంటాయి, పొలం నుంచొచ్చే ఒండ్రు ఆగుతుంది, ఎరువుల్లోని నైట్రేట్‌ని ఆ తడినేలలో ఉండే బ్యాక్టీరియా మామూలు నైట్రోజన్ గాలిగా మార్చేస్తుంది. డబ్బు తీసుకోకుండా రాత్రింబగళ్లు పనిచేసే ప్లాంటు అది.

ఇదంతా జరిగే పనేనా అని అనుమానపడేవాళ్లకి నేను నాషువా నది గురించి చెప్తుంటాను. అమెరికాలో మసాచుసెట్స్, న్యూహాంప్‌షైర్‌లో పారే నది, పేపర్ మిల్లులు ఏ రోజు ఏ రంగు వాడితే నది ఆ రంగులో పారేదంట, ఒకరోజు ఎరుపు, ఒకరోజు ఆకుపచ్చ. 1962లో మేరియన్ స్టాడర్ట్ అనే ఆవిడ ఆ పక్క ఊళ్లో కాపురానికొచ్చారు, పిల్లల తల్లి, పదవేమీ లేదు. ఆవిడ ఊరూరా తిరిగి అందరినీ కలిపారు, ఆ మురికి నీళ్లు సీసాలో పట్టుకెళ్లి మసాచుసెట్స్ గవర్నర్ ముందు పెట్టారు, 1966లో ఆ రాష్ట్రంలో నీళ్ల శుద్ధికి చట్టం వచ్చింది, 1969లో నాషువా వాటర్‌షెడ్ సంఘం పెట్టారు. ఆవిడ నీళ్లు శుభ్రం చేయించి ఊరుకోలేదు, నది వెంట రెండు పక్కలా నేలని పచ్చగా ఉంచే పని కూడా పెట్టుకున్నారు, ఎగువ నేల సంగతి ఆవిడకి అప్పుడే తెలుసు. 2019లో ఆ నదిలో కొంత భాగాన్ని దేశంలో కాపాడాల్సిన నదుల జాబితాలో చేర్చారు. 1962 నుంచి 2019, లెక్కేసుకోండి.

మన నోటుబుక్కు బల్ల మీద పెట్టాను, పోయేటప్పుడు తిరగేసి చూడండి. అన్నిటికన్నా పైనున్న వంక దగ్గర రీడింగ్ తీసేవాళ్లు లేక రెండు నెలల నుంచి ఆ పేజీలు ఖాళీగా ఉన్నాయి. నెలకొక ఆదివారం, తెల్లారకముందు, గంట పని, ఎలా చెయ్యాలో మేము నేర్పిస్తాం, ఒక్కరే పోకూడదు కాబట్టి ఇద్దరు కావాలి. పేరు, ఫోన్ నంబరు చివరి పేజీలో రాయండి.