మణికట్టు నొప్పి, మైకు బొమ్మ

శ్రోతలకు నమస్కారం.

చికున్‌గున్యా జ్వరం సాధారణంగా వారంలోపే దిగిపోతుంది. ఓ పట్టాన దిగనిది కీళ్ల నొప్పి. వేళ్ల కణుపులు, మణికట్లు, చీలమండలు పొద్దున లేచేసరికి కొయ్యబారిపోయి ఉంటాయి. కొందరికి వారాలు, కొందరికి నెలలు. 1952లో టాంజానియాలో దీన్ని గుర్తించినప్పుడు మకోండే భాషలో పెట్టిన పేరుకు అర్థమే నొప్పికి వంగిపోవడం.

డెంగీ కాదని పరీక్షలో తేలేదాకా పారాసెటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ జోలికి పోవద్దు. డెంగీ అయితే వాటివల్ల రక్తస్రావం జరిగే ప్రమాదం ఉంది. నొప్పి ముదిరి ఉన్న రోజుల్లో వేడి కాపడం వద్దు, చల్లటి తడిగుడ్డ వేయండి. తగ్గుముఖం పట్టాక వేళ్లను మెల్లగా ముడుస్తూ చాపుతూ ఉండాలి.

మరి కంప్యూటర్లో అచ్చు పేజీలు కూరుస్తూ చేతులతోనే బతుకుతెరువు నడిపే డీటీపీ ఆపరేటర్ల సంగతి? నోటితో చెబితే ఫోనే టైపు చేసి పెడుతోంది కదా అంటారు. నిజమే. ఫోన్లో గూగుల్ కీబోర్డు అయిన జీబోర్డులో తెలుగు పెట్టుకుని మైకు బొమ్మ నొక్కితే చాలు. కంప్యూటర్లో అయితే క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచి కంట్రోల్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కి, భాష తెలుగు ఎంచుకోవాలి. ఒక్కో వాక్యం చెప్పి ఆగండి. కామాలు, చుక్కలు చేత్తోనే పెట్టుకోవాలి. సమాసాలను అది ముక్కలు చేస్తుంది, అవీ కలుపుకోవాలి.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. మైకు ఇచ్చేది యూనికోడ్ తెలుగు, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ దాని సొంత సంకేతం ఉన్న పద్ధతి. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. అందులో వాడే అను ఫాంట్లలో కంటికి కనిపించేది తెలుగే అయినా లోపలున్నవి ఇంగ్లిషు అక్షరాల సంకేతాలు. అందుకే ఆ మ్యాటర్ వేరేచోట అతికిస్తే పిచ్చిగీతలు పడతాయి. అంటే చెయ్యి నొప్పి పుణ్యమా అని సాఫ్ట్‌వేరే మార్చాల్సి వస్తోంది. ఎప్పుడో మార్చాల్సిందే అనుకోండి!

ఉచితంగా దొరికేవాటిలో ఉత్తరాలకు, మామూలు పుస్తకాలకు లిబ్రెఆఫీస్ చాలు. కాలమ్‌లు, బొమ్మలు ఉన్న పత్రికకు స్క్రైబస్ మేలు. పాతది వద్దు, 1.6 వేసుకోండి. డబ్బు కట్టే ఇన్‌డిజైన్‌లోనైతే వరల్డ్-రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఎంచుకోకపోతే వత్తులు విడిపోతాయి. ఫాంట్లకు ఖర్చు లేదు. సిలికానాంధ్ర అనే సంస్థ విడుదల చేసినవాటిలో మండలి లోపలి మ్యాటర్‌కు, రామభద్ర శీర్షికలకు బాగుంటాయి. లిబ్రెఆఫీస్ స్టైల్స్‌లో ఇంగ్లిషుకు ఒక ఫాంటు, తెలుగుకు మరొకటి ఉంటాయి. మొదటిది మార్చి ఊరుకుంటే తెలుగులో ఏమీ మారదు. చాలామంది చిరాకుపడి వదిలేసేది ఇక్కడే.

తప్పులు దిద్దడానికి కీబోర్డు తప్పదు. విండోస్‌లోని తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరికలో ‘అమ్మ’ అనాలంటే షిఫ్ట్‌తో డి, తర్వాత సి, డి, సి. షిఫ్ట్‌ను వరసగా 5 సార్లు నొక్కితే స్టిక్కీ కీస్ వస్తుంది. దానికి సరే అంటే, రెండు మీటలు ఒకేసారి పట్టి ఉంచక్కర్లేదు. షిఫ్ట్ నొక్కి వదిలి, ఆనక డి నొక్కొచ్చు. నొప్పి ఉన్న బొటనవేలికి, చిటికెనవేలికి ఈ ఒక్క ఏర్పాటే పెద్ద ఊరట.

పాత ఫైళ్లన్నీ ఒక్కసారిగా మార్చే పని పెట్టుకోకండి. కొత్త పని యూనికోడ్‌లో మొదలుపెట్టి, పాత పుస్తకం మళ్లీ అచ్చుకు వచ్చినప్పుడే, అను మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేయండి. అప్పటిదాకా పేజ్‌మేకర్ ఉన్న కంప్యూటర్‌ను అలాగే ఉండనివ్వండి. ప్రెస్‌కు పంపేముందు పీడీఎఫ్‌లో ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటలు వెతికి పెద్దవి చేసి చూడండి. మూడు హల్లులు కలిసినచోటే ఏ ఫాంటైనా తడబడేది.