12 అంగుళాల వూఫర్ కంటే 8 అంగుళాల వూఫర్‌కి బేస్ ఎక్కువా?

ముందు ఒక లెక్క చెప్తాను, విన్నాక నాతో గొడవ పడుదురుగాని. క్లిప్ష్ హెరెసీ 4 అనే స్పీకర్‌లో వూఫర్, అంటే బేస్ పలికించే పెద్ద కోన్, 12 అంగుళాలు. వార్ఫ్‌డేల్ లింటన్‌లో 8 అంగుళాలే. కంపెనీలు ఇచ్చిన కాగితం ప్రకారం హెరెసీ 48 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, లింటన్ 40 దాకా దిగుతుంది. ఈ అంకె ఎంత తగ్గితే బేస్ అంత లోతు. షోరూంలో గ్రిల్ తీయించి, వూఫర్ సైజు చూసి "అబ్బో, దీని బేస్ అదిరిపోద్ది" అని అక్కడికక్కడే కార్డు బయటికి తీసేవాళ్లు ఈ వీడియో చివరిదాకా చూడండి.

ఇవాళ నాలుగు జతలు. జేబీఎల్ ఎల్100 క్లాసిక్, హెరెసీ 4, లింటన్, కేఎల్‌హెచ్ మోడల్ ఫైవ్. నాలుగూ పాత రూపంలో ఈమధ్య కొత్తగా వచ్చినవే. చెక్క వెనీర్, గుడ్డ గ్రిల్, జేబీఎల్‌కైతే ఆ గళ్లగళ్ల ఫోమ్ గ్రిల్, చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి, దాని గురించి ఇంకెవరైనా చెప్తారు. నేను బేస్ ఒక్కటే చూస్తాను.

స్పీకర్లు తయారుచేసేవాళ్ల దగ్గర ఒక పాత సూత్రం ఉంది, హాఫ్‌మన్ ఐరన్ లా అంటారు. చిన్న బాక్స్, లోతైన బేస్, తక్కువ వాట్లకే పెద్ద సౌండ్. ఈ మూడిట్లో ఏ రెండైనా తీసుకోండి, మూడోది దొరకదు. ఈ హాఫ్‌మన్ ఎవరో కాదు, 1957లో మొదలైన కేఎల్‌హెచ్ కంపెనీ పేరులో చివరి అక్షరం ఆయనదే. కె అంటే హెన్రీ క్లాస్, ఎల్ అంటే మాల్కం లో. హాఫ్‌మన్ గారి తండ్రి పేరుమోసిన పియానిస్టు, ఇంట్లో సంగీతానికి లోటు లేదన్నమాట.

ఇప్పుడు హెరెసీ ఏం ఎంచుకుందో చూడండి. 12 అంగుళాల వూఫర్‌కి చిన్న బాక్స్, ఎక్కువ సెన్సిటివిటీ, అంటే తక్కువ వాట్లకే పెద్ద సౌండ్. ఒక్క వాట్‌కి 99 డెసిబెల్స్ అంటుంది కంపెనీ. మోడల్ ఫైవ్‌కి 90 అంటున్నారు. 9 డెసిబెల్స్ అంటే వినడానికి చిన్న అంకెలా ఉంటుంది గానీ పవర్‌లో అది దాదాపు 8 రెట్లు. హెరెసీకి 5 వాట్లు సరిపోయే చోట మోడల్ ఫైవ్ 40 వాట్లు అడుగుతుంది. ఆ సౌకర్యానికి హెరెసీ చెల్లించిన మూల్యమే బేస్. 12 అంగుళాల కోన్ పెట్టినా తప్పలేదు. నిజానికి హెరెసీ 3 అయితే 58 దగ్గరే ఆగేది. 1957 నుంచి సీల్డ్ బాక్స్‌గానే, అంటే గాలి బయటికి పోకుండా మూసేసి, వచ్చిన స్పీకర్‌కి 2019లో వెనక పోర్ట్, అంటే గాలి బయటికొచ్చే గొట్టం, తెరిచి 48కి దించారు.

కాగితం మీద అంకెల దగ్గర ఇంకో మెలిక ఉంది. జేబీఎల్ వాళ్లు కూడా 40 హెర్ట్జ్ అనే రాస్తారు. లింటన్ 40, జేబీఎల్ 40, రెండూ సమానం అనుకుంటాం కదా? పక్కన చిన్న అక్షరాలు చదవాలి. లింటన్ 40 అన్నది 3 డెసిబెల్స్ తేడాలో, జేబీఎల్ 40 అన్నది 6 డెసిబెల్స్ తగ్గిన చోట. 6 డెసిబెల్స్ తగ్గడమంటే పవర్ నాలుగో వంతుకు పడిపోవడం. మోడల్ ఫైవ్ 42 అంటుంది, అది 3 డెసిబెల్స్ లెక్కే. ఎన్ని డెసిబెల్స్ తేడాలో కొలిచారో రాయకుండా ఎవరైనా ఉత్త హెర్ట్జ్ అంకె చూపిస్తే నేనైతే ఆ లైను చదివి పక్కన పెట్టేస్తాను.

సరే, అసలు విషయం. ఈ నాలుగింట్లో మోడల్ ఫైవ్ ఒక్కటే పూర్తిగా మూసేసిన బాక్స్. లోపల బిగిసిపోయిన గాలే కోన్‌కి స్ప్రింగ్‌లా పనిచేస్తుంది. ఈ పద్ధతిని 1954లో ఎకౌస్టిక్ రీసెర్చ్ అనే కంపెనీ ఏఆర్-1 అనే స్పీకర్‌తో ఇళ్లకు తెచ్చింది, ఆలోచన ఎడ్గార్ విల్చర్‌ది, అప్పుడు ఆయనకు తోడు ఉన్నది ఈ హెన్రీ క్లాసే. మిగతా మూడింటికీ పోర్ట్ ఉంది, జేబీఎల్‌కి ముందు, లింటన్‌కి, హెరెసీకి వెనక. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, హద్దు దాటాక. సీల్డ్ బాక్స్‌లో ఆక్టేవ్‌కి, అంటే హెర్ట్జ్ సగానికి తగ్గినప్పుడల్లా, 12 డెసిబెల్స్ చొప్పున బేస్ మెల్లగా వాలుతుంది. పోర్ట్ ఉన్నదాంట్లో 24 చొప్పున ఢామ్మని పడిపోతుంది. అంటే పోర్ట్ స్పీకర్ హద్దు దాకా నిండుగా ఇచ్చి ఆ తర్వాత చేతులెత్తేస్తుంది, సీల్డ్‌ది కొంచెం ముందు నుంచే తగ్గుతూ, కిందదాకా ఎంతో కొంత ఇస్తూనే ఉంటుంది.

మన ఇళ్లలో ఇది చాలా పెద్ద విషయం. అమెరికా రివ్యూలు చూసి కొంటాం కదా, అక్కడ చాలా ఇళ్ల గోడలు చెక్క ఫ్రేమ్ మీద జిప్సమ్ బోర్డు. బేస్ తగిలితే ఆ బోర్డు కాస్త కదులుతుంది, కొంత మింగేస్తుంది. మనవి ఇటుక, సిమెంటు, పైన కాంక్రీటు స్లాబు, కింద టైల్సో గ్రానైటో. బేస్ ఎక్కడికీ పోదు. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న గది తీసుకోండి. పొడవు వైపు 47 హెర్ట్జ్ దగ్గర, వెడల్పు వైపు 56 దగ్గర గదే మోగుతుంది. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి యాంప్‌కి కలిపి, 47 హెర్ట్జ్ మోగించి, ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచి చూడండి. గోడ దగ్గర చెవులు నిండిపోతాయి, మధ్యకి రాగానే ఆ శబ్దం మాయమైపోతుంది, మళ్లీ అవతలి గోడ దగ్గర తిరిగొస్తుంది. స్పీకర్ అదే, వాల్యూమ్ అదే.

అలాంటి గదిలో లింటన్‌ని గోడకి ఆనించి పెట్టి, "బేస్ బుంయ్‌మంటోంది, ఇదేం స్పీకర్" అని తిట్టేవాళ్లున్నారు. రెండు పోర్టులు వెనక్కే ఊదుతున్నాయి మహాప్రభో, రెండడుగులైనా ముందుకి జరపండి. కుదరకపోతే ఒక పోర్టులో మెత్తటి ఫోమ్ కుక్కండి. మోడల్ ఫైవ్‌కి ఆ బాధ లేదు. దాని బేస్ వాలే చోటే గది బేస్‌ని లేపుతుంది, రెండూ ఒకదానికొకటి సరిపోతాయి. చిన్న గదికి నా ఓటు దానికే, మొహమాటం లేకుండా చెప్తున్నా.

మరి జేబీఎల్? పెద్ద హాలు, స్పీకర్ల చుట్టూ చోటు, రాక్ సంగీతం ఉంటే దాని పక్కన మిగతావి నీరసంగా అనిపిస్తాయి. డ్రమ్ దెబ్బ పొట్టలో తెలుస్తుంది. 1970లో వచ్చిన అసలు ఎల్100లో వూఫర్‌కి పై హద్దు పెట్టే ఫిల్టరే ఉండేది కాదు, గొంతులోకి కూడా వూఫర్ చొరబడేది. కొత్తదాంట్లో 450 హెర్ట్జ్ దగ్గర కత్తిరించారు, బేస్ శుభ్రపడింది.

హెరెసీని తీసిపారేశాననుకోకండి. బేస్ గిటార్ అట్టడుగు తీగ 41 హెర్ట్జ్. 48 దగ్గర ఆగితే పోయేది కింద ఉన్న మూడు స్వరాల మూలధ్వని మాత్రమే, వాటి రెట్టింపు ధ్వని 82, 87, 92 దగ్గర వినిపిస్తూనే ఉంటుంది, లేనిదాన్ని చెవి పూరించుకుంటుంది. ఎనభైల నాటి మన సినిమా పాటల్లో బేస్ గిటార్ నడక హెరెసీ మీద వినండి, ఒక్కో స్వరం విడివిడిగా, చురుగ్గా వస్తుంది. తక్కువ వాట్లిచ్చే చిన్న వాల్వ్ యాంప్, అంటే గాజు ట్యూబులతో నడిచే యాంప్, ఉన్నవాళ్లు ఇంకేమీ ఆలోచించక్కర్లేదు.

చివరగా రికార్డులు వినేవాళ్లకి ఒక్క మాట. రికార్డు కాస్త వంగి ఉంటే మనకి వినబడని, చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ కదలిక యాంప్‌లోకి వెళ్తుంది. జేబీఎల్ గ్రిల్ తీసి ఆ తెల్ల కోన్‌ని చూడండి, పాట మొదలవకముందే ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉంటుంది. పోర్ట్ బాక్స్‌లో అంత కింద కోన్‌ని పట్టి ఉంచే గాలి ఉండదు, యాంప్ పవర్ కొంత ఆ ఊగడానికే పోతుంది. మోడల్ ఫైవ్‌లో లోపలి గాలి చాలావరకు ఆపుతుంది. మిగతా మూడింట్లో ఏది కొన్నా, యాంప్ మీద ఈ వినబడని కదలికని ఆపే సబ్‌సోనిక్ ఫిల్టర్ బటన్ ఉంటే నొక్కేయండి. లేకపోతే ఫోనో స్టేజ్, అంటే రికార్డు ప్లేయర్ సిగ్నల్‌ని పెంచే పెట్టె, కొనేటప్పుడు ఆ ఫిల్టర్ ఉన్నదే అడిగి తీసుకోండి.