మందే లేని రోజుల్లో ఉగాండా హెచ్‌ఐవీని ఎలా తగ్గించింది?

[స్క్రీన్ మీద: ఆఫ్రికా మ్యాప్, అందులో ఉగాండా, విక్టోరియా సరస్సు]

అందరికీ నమస్తే. హెచ్‌ఐవీ ఎలా వస్తుందో మనలో చాలామందికి తెలుసు, గోడల మీద చదివాం, కాలేజీలో విన్నాం. మరి తెలిసినంత మాత్రాన మనుషులు అలవాట్లు మార్చుకుంటారా? చాలాసార్లు మార్చుకోరు. కానీ ఒక పేద దేశంలో, యుద్ధం నుంచి అప్పుడే బయటపడిన దేశంలో, ఈ రోగానికి పనికొచ్చే మందే లేని రోజుల్లో, జనం నిజంగానే మారారు. అదెలా జరిగిందో ఇవాళ చూద్దాం.

1982 ప్రాంతంలో విక్టోరియా సరస్సు ఒడ్డున కాసెన్సెరో అనే జాలర్ల ఊళ్లో మనుషులు చిక్కి శల్యమై చనిపోవడం మొదలైంది. జనం దాన్ని 'స్లిమ్' అన్నారు, ఎవరో చేతబడి చేశారని నమ్మినవాళ్లూ ఉన్నారు. 1986లో ముసెవెని ఉగాండా అధ్యక్షుడిగా అధికారంలోకి వచ్చాడు, అదే ఏడాది జింబాబ్వే రాజధాని హరారేలో జరిగిన అలీన దేశాల సదస్సులో క్యూబా నాయకుడు ఫిడెల్ కాస్ట్రో ఆయన్ని పక్కకు పిలిచి ఒక మాట చెప్పాడు: మీరు ట్రైనింగ్‌కి క్యూబా పంపిన 60 మంది సైనికాధికారుల్లో 18 మందికి హెచ్‌ఐవీ ఉంది. చుట్టుపక్కల చాలా దేశాలు టూరిస్టులు రారేమో అన్న భయంతో విషయాన్ని దాచిపెడుతున్న రోజులవి. ముసెవెని దాచలేదు. ఏ ఊరికి వెళ్లినా, ఏ మీటింగ్ అయినా ఆ ప్రస్తావన తెచ్చేవాడు.

[స్క్రీన్ మీద: రేడియో, డప్పు చప్పుడు]

రేడియోలో ప్రమాదం వచ్చిందని చాటే డప్పు మోగేది, దాని వెంటే ఎయిడ్స్ గురించి మాట. సందేశం కూడా పల్లె జనానికి వెంటనే అర్థమయ్యేలా ఉండేది: 'జీరో గ్రేజింగ్'. అంటే గుంజకు కట్టిన పశువు తన చుట్టూ ఉన్న గడ్డే మేస్తుంది కదా, అలా ఇంటి పట్టున ఉండు, పక్క చేలల్లో పడకు అని. ఇది చాలా తెలివైన ఎత్తుగడ అని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే ఇద్దరు ముగ్గురు భార్యలున్న ఇళ్లు కూడా అక్కడ మామూలే, అలాంటి ఇంటి మగవాడికి కూడా ఇది చేయగలిగిన పనే. బ్రహ్మచర్యం పాటించమని అడిగి ఉంటే ఎంతమంది వినేవాళ్లు?

కానీ నా దృష్టిలో అసలు మలుపు ప్రభుత్వం తెచ్చింది కాదు, మనుషులు తెచ్చారు. నోరీన్ కలీబా అనే ఫిజియోథెరపిస్ట్ భర్త 1987 జనవరిలో ఎయిడ్స్‌తో చనిపోయారు. ఆసుపత్రిలో రోగుల్ని జనం ఎలా దూరం పెడుతున్నారో కళ్లారా చూసిన ఆవిడ, అదే ఏడాది ఎయిడ్స్ ఉన్నవాళ్లకి అండగా 'టాసో' అనే సంస్థ పెట్టారు. మొదట్లో ఆవిడతో కలిసినవాళ్లలో ఎక్కువమంది హెచ్‌ఐవీ ఉన్నవాళ్లే. తర్వాత 1989లో ఫిలీ లుటాయా, దేశమంతా తెలిసిన గాయకుడు, నాకు ఎయిడ్స్ ఉందని బహిరంగంగా చెప్పాడు. పాటలు అమ్ముకోవడానికి నాటకం ఆడుతున్నాడని కొందరన్నారు. అతను పట్టించుకోలేదు, బడులకీ చర్చిలకీ తిరిగాడు, రోజురోజుకీ చిక్కిపోతున్న ఒంటితోనే పిల్లల ముందు నిలబడ్డాడు. ఆ డిసెంబర్‌లో చనిపోయాడు.

ఇక అంకెలు చూడండి. 1989లో మగవాళ్లలో సుమారు 35% మంది ఏడాది కాలంలో అప్పటికప్పుడు ఏర్పడ్డ సంబంధాలు పెట్టుకున్నామని చెప్పారు, 1995కి అది 15%. ఆడవాళ్లలో 16% నుంచి 6%. కండోమ్‌లు ఊరూరా దొరకడానికి ముందే చాలావరకు ఈ మార్పు వచ్చింది. పెద్దవాళ్లలో 1990ల మొదట్లో 15% దాకా ఉన్న హెచ్‌ఐవీ, 2000ల మొదటికి 5-6%కి దిగింది. ఇక్కడ ఒక మాట దాచకూడదు: ఆ తగ్గుదలలో కొంత భాగం రోగులు చనిపోవడం వల్ల వచ్చిందే. అయినా కుర్రవాళ్లలో కొత్తగా సోకడం తగ్గిందన్నది నిజం.

కెన్యాలో, జాంబియాలో, మలావిలో పోస్టర్లు లేవా? ఉన్నాయి. తేడా ఏమిటంటే ఉగాండాలో ఎక్కువమంది ఎయిడ్స్ గురించి విన్నది స్నేహితుల నోట, బంధువుల నోట. పొలంలో, బడిలో, సమాధి దగ్గర దాని గురించి మాట్లాడుకున్నారు. పోస్టర్ చూసి తల తిప్పుకోవచ్చు, మేనత్త చెబితే తిప్పుకోలేం.

[స్క్రీన్ మీద: థాయ్‌లాండ్, రాచబురి]

అయితే ఒక్క మనిషి మనసు మారితే చాలని మాత్రం అనుకోకండి. సెక్స్ వర్కర్ కండోమ్ అడిగితే కస్టమర్ పక్కింటికి పోతాడు, ఆ రోజు ఆమెకి అన్నం ఉండదు. థాయ్‌లాండ్‌లో డాక్టర్ వివట్ దీన్ని పట్టుకున్నారు. 1989లో రాచబురి అనే ప్రాంతంలో అన్ని వేశ్యాగృహాలకీ ఒకటే నియమం పెట్టించారు: కండోమ్ లేకపోతే ఎక్కడా కుదరదు. వెళ్లడానికి పక్కిల్లు లేకుండా పోయింది. 1991లో ఇది దేశమంతా వచ్చింది, వేశ్యాగృహాల్లో కండోమ్ వాడకం 14% నుంచి కొన్నేళ్లలోనే 90% దాటింది.

ఈ సంగతి మనకెందుకంటే, మిజోరం, నాగాలాండ్, మణిపూర్ తర్వాత దేశంలో హెచ్‌ఐవీ శాతం ఎక్కువున్న రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణే. భర్త దగ్గర్నుంచి సోకిన భార్యలు మన ఊళ్లలో ఎంతమందో. ఆ ఇల్లాలి ప్రవర్తనలో మార్చడానికి ఏముంది చెప్పండి? మారాల్సింది ఆయన, అడిగే ధైర్యం ఆమెకి ఇవ్వాల్సింది ఇంట్లోవాళ్లు.

ఉగాండాలో కూడా ఊపు తగ్గాక 2011 నాటికి మళ్లీ 7.3%కి పెరిగింది, కాబట్టి ఒకసారి చెప్పి వదిలేసే విషయం కాదిది. ఇప్పుడు మందులున్నాయి. ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ పరీక్ష, సలహా కేంద్రంలో, పరీక్ష ఉచితం, వివరాలు బయటపెట్టరు, వైరస్‌ని అదుపులో పెట్టే ఏఆర్‌టీ మందులూ ఉచితమే. వాటిని సక్రమంగా వాడి రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గి, అలాగే ఉన్నవాళ్ల నుంచి సెక్స్ ద్వారా ఇంకొకరికి సోకదు. ఏ డౌట్ ఉన్నా హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, పైసా ఖర్చుండదు. పెళ్లి కుదిరినవాళ్లయితే ఇద్దరూ కలిసే వెళ్లి పరీక్ష చేయించుకోండి.