నదీతీరాల్లో చూపు నిలిపిన డాక్టర్ సాంబా

సభకు నమస్కారం.

విదేశీ సాయం అనగానే మనకు ధాన్యం బస్తాలు, మందుల పెట్టెలు గుర్తుకొస్తాయి. డాక్టర్ ఎబ్రహీమ్ సాంబా పేరు మాత్రం మన దగ్గర ఎవరికీ తెలియదు. తెలియాలని నా కోరిక. గాంబియాకు చెందిన ఈ శస్త్రవైద్యుడు 1980లో నేటి బుర్కినా ఫాసో రాజధాని వగాడుగులో నదీ అంధత్వ నిర్మూలన కార్యక్రమానికి డైరెక్టరయ్యారు.

పశ్చిమ ఆఫ్రికాలో ఏటి ఒడ్డున సారవంతమైన భూములు బీడుపడి ఉండేవి. ఉరవడిగా పారే నీళ్లలో పుట్టే చిన్న నల్ల ఈగ పదేపదే కుడితే ఒంట్లో పురుగులు చేరతాయి. వాటి పిల్లలు చర్మంలో, కంట్లో తిరుగుతూ ఏళ్ల తరబడి దురద పెట్టి, చివరికి చూపు తీసేస్తాయి. అదే నదీ అంధత్వం. కర్రకు ఒక కొసన పిల్లవాడు, రెండో కొసన చూపులేని తాత: ఆ ఊళ్లలో రోజూ కనిపించే దృశ్యమిది. మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం బోదకాలుకు అందించిన హెట్రజాన్ ఈ పిల్లపురుగులనూ చంపుతుంది. కానీ అవి ఒక్కసారిగా చస్తే ఒళ్లు తట్టుకోలేదు, కంటికే ముప్పు. ఊరంతటికీ పంచే వీలు లేకపోయింది.

అందుకే 1974లో ప్రపంచ బ్యాంకు, ప్రపంచ ఆరోగ్య సంస్థ తదితరులు కలిసి ఏడు దేశాల్లో ఈగ మీదే గురిపెట్టారు. హెలికాప్టర్లు వారం వారం వచ్చి, రాళ్ల మధ్య నీరు నురగలు కక్కే చోట మందు చల్లేవి. ఒక్క వారం తప్పినా కొత్త ఈగలు లేస్తాయి. పెద్ద పురుగు మనిషి ఒంట్లో పదేళ్లకు పైగా బతుకుతుంది, అది చచ్చేదాకా ఆగకూడదు.

సాంబా బాధ్యతలు తీసుకునే నాటికే మందుకు లొంగని ఈగలు కోట్ డివ్వార్‌లో బయటపడ్డాయి. మందులను మార్చి మార్చి వాడించి ఆ గండం గట్టెక్కించారు. 1987లో మెర్క్ మందుల సంస్థ, ఒంటికి అంత ముప్పు లేకుండా పిల్లపురుగులను చంపే ఐవర్‌మెక్టిన్ మాత్రను ఉచితంగా ఇస్తామన్నాక ఊళ్లకు అదీ చేరింది. విదేశీ నిపుణుల స్థానంలో ఆఫ్రికా వారినే తీర్చిదిద్దారు. ఈ ఏళ్లన్నిటా దాతల ఓపిక సడలకుండా చూసుకోవడమే ఆయన చేసిన అతి కష్టమైన పని అని నా అభిప్రాయం. ఏటా కొత్త పథకం కోరే దాతలకు పాత పనినే కొనసాగించమని నచ్చజెప్పడం సామాన్యం కాదు. 1995లో ఆయన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆఫ్రికా ప్రాంతీయ డైరెక్టరయ్యారు.

ఏడు దేశాల నుంచి పదకొండుకు విస్తరించిన కార్యక్రమం 2002లో ముగిసేనాటికి ఆరు లక్షల మందికి చూపు దక్కిందని, రెండున్నర కోట్ల హెక్టార్లు మళ్లీ సాగుకు, నివాసానికి అనువయ్యాయని అంచనా. అంతర్యుద్ధం వల్ల సియెర్రా లియోన్‌లో మాత్రం పని మధ్యలో ఆగింది. అక్కడ యుద్ధం ముగిశాక ఊరూరా మాత్రల పంపిణీని మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.