గవ్వలు మన చేతిలో లేవు, కాయ ఉంది: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. బతుకును, వ్యాపారాన్ని ఒక ఆటలాగ చూస్తే ఎక్కడ లాభం, ఎక్కడ దెబ్బ తింటం అన్నది ఇయ్యాల్టి అంశం. చిన్న వ్యాపారులకు లెక్కలు, ప్రణాళిక నేర్పే శిక్షకురాలు స్టూడియోలో ఉన్నారు. మేడం, ముందుగాల నాదే ప్రశ్న. బతుకు ఆట అంటే మన ఇండ్లల్ల పెద్దలు కోప్పడతరు.

శిక్షకురాలు: కోప్పడాలె కూడా. ఆట అనంగనే టైంపాస్ అనుకుంటం కాబట్టి. కానీ అష్టాచెమ్మా ఆడేటోళ్లను కూసొని చూడండి. ఇరవై ఐదు గడులు, నాలుగు గవ్వలు, మనిషికి నాలుగు కాయలు. గవ్వలు నాలుగూ వెల్లకిల పడితే చెమ్మ, నాలుగూ బోర్ల పడితే అష్ట. ఏది పడుతదో ఎవరి చేతిలో లేదు. పడ్డంక ఏ కాయ జరపాలన్నది పూర్తిగా మన చేతిలో ఉన్నది. ఎదుటోళ్ల కాయ ఒక్కటన్నా చంపనిదే లోపలి గడులకు పోనియ్యరు, ఆ సంగతి కూసునే ముందే అందరికీ తెలుసు. వ్యాపారంలోకి వచ్చేసరికి ఈ రెండూ మరిచిపోతం. గిరాకి తగ్గితే అది గవ్వ పడ్డ తీరా, మనం కాయ జరిపిన తీరా అని విడదీసి చూడం. ఎంత పోతే ఆపాలో ముందే రాసుకోం. ఆటలాగ చూడాలె అని నేను చెప్పేది ఈ రెండింటి కోసమే.

వ్యాఖ్యాత: మొదటి కాల్ నర్సంపేట నుంచి. చెప్పండి అక్కా.

శ్రోత (నర్సంపేట): నమస్తే మేడం. నేను ఇంట్ల సకినాలు, గరిజెలు చేసి అమ్ముత. సంక్రాంతికి ఆర్డర్లు మస్తు వస్తయి. పండుగ పోయినంక పడిపోతయి. అమ్ముడుపోని వారం ఇగ నాతోని గాదు అనిపిస్తది, బంద్ పెడ్త. మళ్ల ఎవరన్న అడిగితే షురూ జేస్త.

శిక్షకురాలు: పండుగ లేనప్పుడు వారానికి ఎన్ని కిలోలు పోతయి అక్కా?

శ్రోత: పది, పన్నెండు. కిలో 400.

శిక్షకురాలు: కొత్త దుకాణానికి మీరే పోయి అడిగింది ఎప్పుడు?

శ్రోత: పోలేదు మేడం. కావాల్సినోళ్లే వస్తరు గదా.

శిక్షకురాలు: అంటే మీరు గవ్వలు చూసుకుంట కూసున్నరు, కాయ జరపలేదు. ఒక నోటుబుక్కు తీసుకోండి. పేజీ నడుమ గీత కొట్టండి. ఎడమ దిక్కు "నేను చేసినవి", కుడి దిక్కు "వచ్చినవి". ఎడమ దిక్కుకే మార్కులు. కొత్త దుకాణానికి పోయి అడిగితే 3. వంద గ్రాముల ప్యాకెట్ రుచికి ఇస్తే 2. పాత గిరాకీకి ఫోన్ చేస్తే 1. వారానికి 20 మార్కులు పెట్టుకోండి. నాలుగు దుకాణాలు, రెండు రుచి ప్యాకెట్లు, నాలుగు ఫోన్లు, సరిపోతది. కుడి దిక్కు ఎన్ని కిలోలు, ఎన్ని పైసలు అని ఉత్తగ రాయండి. దానికి మార్కు లేదు.

శ్రోత: అమ్మకానికే మార్కు లేకపోతే ఎట్ల మేడం?

శిక్షకురాలు: అమ్మకానికి మార్కు పెడితే సంక్రాంతికి మీరు గొప్పోళ్లు, ఫిబ్రవరిల చాతగానోళ్లు అయితరు. రెండూ నిజం గాదు, పండుగ వచ్చింది, పోయింది. ఆరు వారాలు అయినంక రెండు దిక్కులూ కలిపి చూడండి. ఎడమ దిక్కు నిండి కుడి దిక్కు ఎండితే తప్పు ధరలోనో, సరుకులోనో, పోయిన దుకాణాలలోనో ఉన్నది, దాన్ని మార్చాలె. ఎడమ దిక్కే ఖాళీగ ఉంటే అసలు ఆట మొదలే కాలేదు, బంద్ పెట్టే మాట ఎందుకు?

ఒక్కటి మాత్రం జాగ్రత్త. మార్కులు పెట్టంగనే మనసు మార్కుల కోసం పని చేస్తది. రుచి ప్యాకెట్లు మరదలికి, పక్కింటోళ్లకు పంచి 20 పూర్తి చేస్తరు. అందుకని నియమం రాసుకోండి: రేటు చెప్పి, తీసుకుంటమో తీసుకోమో వాళ్ల నోటితోని అనిపించుకుంటేనే మార్కు. "చూద్దాం" అన్నదానికి సున్నా.

వ్యాఖ్యాత: ధర సంగతి కూడా చెప్పండి మేడం. 400 సరిపోతదా?

శిక్షకురాలు: బియ్యం, నువ్వులు, వాము, నూనె, గ్యాస్, ప్యాకింగ్ కలిపి కిలోకు ఎంత పడుతుంది అక్కా?

శ్రోత: 260 దాకా. నేను, మా తోడికోడలు కూసుంటే పూటకు ఆరు కిలోలు అయితయి.

శిక్షకురాలు: కిలోకు 140 మిగిలింది, ఆరు కిలోలకు 840. ఇద్దరి పూట కూలి 300 చొప్పున 600 తీసేయండి. 240 మిగిలింది. వ్యాపారం సంపాదించింది ఆ 240 మాత్రమే, 840 కాదు. మీ కూలి లెక్కలో లేకపోతే రేపు మనిషిని పెట్టుకున్న రోజే నష్టం మొదలైతది. దుకాణదారు కిలోకు 40 మార్జిన్ అడిగితే ఆరు కిలోల మీద ఆ 240 కూడా పోతది. అందుకే దుకాణానికి పోయేముందే కింది గీత ఎక్కడో తెలిసి ఉండాలె. ఇగ దుకాణాలకు ఇయ్యాలంటే ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ తీసుకోండి, ఆ 14 అంకెల నంబరు ప్యాకెట్ మీద ఉండాలె.

శ్రోత: ఒక్కోసారి మెత్తబడ్డయని వాపస్ ఇస్తరు మేడం.

శిక్షకురాలు: బట్ట మీద సుట్టినంక తడి ఆరనిస్తున్నరా? తడి మీదనే నూనెలేస్తే నూనె పీల్చుకుంటయి, లోపల తేమ మిగిలి మెత్తబడతయి. వేడి మీద కవర్లో సీల్ చేసినా అంతే, ఆవిరి లోపలనే నీరై కూసుంటది. ఒక వాయికి ఒక్కటే మార్చండి. ఈసారి ఆరబెట్టే టైం మాత్రమే. వచ్చేసారి పూర్తిగా సల్లారినంక సీల్ చేసుడు మాత్రమే. రెండూ ఒక్కసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలువది. ప్యాకెట్ మీద చేసిన తేదీ రాసి, ఒకటి ఇంట్ల దాచి, పది రోజులకు విప్పి చూడండి.

వ్యాఖ్యాత: హన్మకొండ నుంచి ఒక తమ్ముడు లైన్‌లో ఉన్నడు.

శ్రోత (హన్మకొండ): మేడం, నేను బీటెక్ ఫైనల్ ఇయర్. ఫోన్‌ల హ్యాబిట్ యాప్ పెట్టుకున్న. చదువు, కోడింగ్, ఎక్సర్‌సైజ్ అన్నిటికీ పాయింట్లు. ఒక పది రోజులు జోరు మీద నడుస్తది. ఒక్క రోజు తప్పంగనే మొత్తం వదిలేస్త.

శిక్షకురాలు: కోడింగ్ నీకు ఇష్టమేనా తమ్మి?

శ్రోత: ఇష్టమే మేడం. పాయింట్లు పెట్టినంకనే ఎందుకో బోర్ కొడుతుంది.

శిక్షకురాలు: 1973లో అమెరికాలో నర్సరీ బడి పసిపిల్లల మీద చేసిన ఒక ప్రయోగం అచ్చయింది. బొమ్మలేసుడంటే ఇష్టమున్న పిల్లలను తీసుకొని, కొందరికి బొమ్మలేస్తే సర్టిఫికెట్ ఇస్తమని ముందే చెప్పిన్రు. కొన్ని రోజుల తర్వాత చూస్తే, ఆ పిల్లలు ఖాళీ టైంలో బొమ్మలేసేది మిగతా పిల్లలకన్నా దాదాపు సగానికి పడిపోయింది. నీకూ అదే జరుగుతున్నట్టున్నది. కోడింగ్‌కు పాయింట్లు తీసెయ్. ఇష్టం లేని పనికే పాయింటు పెట్టు. రెజ్యూమె, అప్లికేషన్లు, ఎప్పటికప్పుడు వాయిదా వేసే సబ్జెక్టు, అట్లాంటివి రెండు మూడు, అంతే.

తప్పిన రోజుకు ప్రో కబడ్డీ నియమం పెట్టుకో. వరుసగా రెండు రైడ్లు ఖాళీగ పోయినా ఏం కాదు. మూడోది డూ-ఆర్-డై, పాయింట్ తేకపోతే రైడర్ ఔట్. నువ్వు కూడా రెండు రోజులు ఖాళీ పోనీ, మూడో రోజు చెయ్యాల్సిందే. ఆ మూడో రోజు పని పది నిమిషాలకు మించకుండ పెట్టుకో. ఒక అప్లికేషన్ పంపుడో, రెండు పేజీలు చదువుడో. రైడ్ కూడా ముప్పై సెకన్లే. తప్పిన ప్రతిసారీ సున్నా నుంచి మొదలుపెట్టే లెక్క ఉన్నది చూడు, అదే నిన్ను ఆపుతుంది. దాన్ని యాప్‌లో ఆఫ్ చేసి, నెలలో ఎన్ని రోజులు చేసినవో అదొక్కటే చూడు.

వ్యాఖ్యాత: జమ్మికుంట నుంచి ఒక రైతన్న.

శ్రోత (జమ్మికుంట): అమ్మా, మీ ఆట ముచ్చట బాగనే ఉన్నది. వాన మా చేతుల లేదు, రేటు మా చేతుల లేదు. పత్తి రైతుకు జరుపనీకి కాయ ఏడున్నది?

శిక్షకురాలు: చాలావరకు మీరన్నదే నిజం పెద్దన్నా. చేతిలో లేనిదాన్ని ఉన్నదని చెప్పి మీ మీద భారం వెయ్యను. తేమ ఒక్కటి మీ చేతిలో ఉంది. పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ 8 శాతం తేమకు పూర్తి మద్దతు ధర ఇస్తది, 12 దాకా కోత పెడ్తది, 12 దాటితే తీసుకోదు. పొద్దున మంచు ఆరినంకనే ఏరించండి. ఏరిన పత్తిని అదే రోజు సంచులల్ల కుక్కి పెట్టకుండ పరదా మీద పల్చగా పరిచి, తిరగేసుకుంట ఎండనియ్యండి. బండి కట్టేముందు ఎవరి దగ్గరన్నా మీటర్ ఉంటే పెట్టి చూపించుకోండి. మార్కెట్ దాకా పోయి వాపస్ తెచ్చుకునే కిరాయి మిగులుతుంది.

వ్యాఖ్యాత: ఇప్పుడు కాజీపేట కాల్.

శ్రోత (కాజీపేట): మేడం, నేను ప్రైవేట్ జాబ్ చేస్త. మానేసి టిఫిన్ సెంటర్ పెట్టాలని ఉంది. 5 లక్షల చిట్టి నడుస్తుంది, నెలకు 20,000, మొత్తం 25 నెలలు. ఇది ఐదో నెల. లక్షన్నర తగ్గించి పాడితే మూడున్నర లక్షలు చేతికొస్తయి. రిస్క్ తీసుకోనిది ఆట గెలువం గదా మేడం?

శిక్షకురాలు: ముందు చిట్టి లెక్క చూద్దాం అన్నా. మీరు వదులుకునే లక్షన్నరలో చిట్టి కంపెనీ కమీషన్ 35,000 దాకా పోవచ్చు, చట్టం 7 శాతం వరకు ఒప్పుకుంటది. మిగిలిన 1,15,000 ఇరవై ఐదు మందికి 4,600 చొప్పున డివిడెండ్ కింద పంచుతరు, మీకూ ఒక వాటా వస్తది. ఆ తర్వాత దుకాణం నడిచినా నడవకున్నా ఇంకో 20 నెలలు, డివిడెండ్ పోను కిస్తీ కట్టాల్సిందే. దుకాణం నెలవారీ ఖర్చు ఎంతనుకుంటున్నరు?

శ్రోత: కిరాయి 15,000, మాస్టర్ 20,000, హెల్పర్ 12,000, కరెంటు గిట్ల 3,000.

శిక్షకురాలు: 50,000. ప్లేటు సగటున 40 అనుకుందాం, సరుకు, గ్యాస్ 18 అనుకుందాం. ప్లేటుకు 22 మిగులుతుంది. 50,000ను 22తో భాగిస్తే నెలకు 2,273 ప్లేట్లు, 26 రోజులు తీస్తే రోజుకు 88. అప్పటికి మీ చేతికి రూపాయి రాలేదు. చిట్టి కిస్తీ నిండుగ 20,000 కలిపితే రోజుకు 123. ఇంటి ఖర్చు ఇంకా కలుపలేదు. ఇప్పుడు చెప్పండి, మొదటి నెలలోనే రోజుకు 123 ప్లేట్లు అమ్ముతరా?

శ్రోత: …కష్టమే మేడం.

శిక్షకురాలు: అందుకే మొదటి పందెమే పెద్దది పెట్టొద్దు. ఓడినా మళ్ల కూసొని ఆడే శక్తి మిగలాలె. ఆట అంటే రిస్కే అనేటోళ్లు దీన్నే వదిలేస్తరు, నాకు బాధ కలిగేది కూడా ఇక్కడనే. జాబ్ మానకండి, చిట్టి పాడకండి. 60,000 పక్కకు పెట్టండి, అది పోయినా ఇల్లు గడవాలె. ఒక బండి కిరాయికి తీసుకొని, రెండు వస్తువులే, ఇడ్లీ, దోశ, నాలుగు వారాలు శని ఆదివారం పొద్దున నడపండి. సెలవు రోజుల గిరాకి చూసి మోసపోతరు కాబట్టి రెండు లీవులు పెట్టి ఒక సోమవారం, ఒక బుధవారం కూడా నడపండి. ధర మాత్రం దుకాణంలో పెట్టబోయే ధరే పెట్టండి. తక్కువకు అమ్మితే వచ్చిన గిరాకి ధరదా, రుచిదా తెలువది.

రోజూ మూడు రాయండి. ప్లేట్లు ఎన్ని, మిగిలిన పిండి ఎంత, రెండోసారి వచ్చిన మొకాలు ఎన్ని. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. మొదటిసారి తినేది కొత్త కాబట్టి, రెండోసారి వచ్చేది నచ్చింది కాబట్టి. పది రోజులల్ల ఆరు రోజులన్నా 60 ప్లేట్లు దాటి, నాలుగో వారానికి వచ్చినోళ్లల్ల మూడోవంతు పాతమొకాలైతే తర్వాతి మెట్టు ఆలోచించండి. ఈ అంకెలు నేను మీ లెక్క చూసి పెట్టినయి, ఇంకో దుకాణానికి వేరే ఉంటయి.

ఆపే గీత కూడా ఇప్పుడే రాయండి. "60,000 అయిపోయిన రోజు, లేకపోతే నాలుగు వారాలు నిండిన రోజు, ఏది ముందైతే అది." రాసి వదినె చేతికియ్యండి. అప్పటికి మీరు "ఇంకొక్క నెల" అంటరు, అందరూ అంటరు. పోయిన పైసలు రాబట్టాలన్న ఆరాటం ఆ మాట అనిపిస్తది. బండి మంచిగ నడిస్తే అప్పు మాట చూద్దాం. కేంద్రం ముద్ర లోన్లల్ల శిశు కింద 50,000 దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా తాకట్టు లేకుండ ఇస్తరు.

వ్యాఖ్యాత: భూపాలపల్లి నుంచి ఒక అమ్మ చాలాసేపటి నుంచి లైన్‌లో ఉన్నరు. చెప్పండమ్మా.

శ్రోత (భూపాలపల్లి): బిడ్డా, మా కొడుకు ఫోన్‌ల పైసల రమ్మీ ఆడిండు. లక్షా ఎనభై వేలు బాకీ అన్నడు. "బతుకే ఆట, ఒక్కసారి గెలిస్తే అన్నీ తీరుస్త" అంటడు. నా పుస్తెలతాడు అడుగుతుండు.

శిక్షకురాలు: అమ్మా, అది ఇయ్యకండి. మేం చెప్పే ఆటకు, దానికి పోలికే లేదు. అక్కడ ఓడినకొద్దీ పందెం పెంచాలనిపించేటట్టు కట్టి ఉంటది. పైసలు పెట్టి ఆన్‌లైన్‌ల ఆడుడు తెలంగాణలో 2017లోనే నిషేధించిన్రు, 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. అంటే ఇప్పటికీ ఆడిపిస్తున్నది దొంగ యాప్ అయి ఉంటది, గెలిచినా పైసలు వస్తయన్న నమ్మకం లేదు.

శ్రోత: మరి బాకీ ఎట్ల బిడ్డా?

శిక్షకురాలు: ఇయ్యాల రాత్రి బాబును పక్కన కూసోబెట్టుకోండి. తిట్టొద్దు, తిడితే సగం దాస్తడు. ఒక కాగితం మీద ఎవరికి ఎంత, ఏ రోజు తీసుకున్నడు, వడ్డీ ఎంత అని రాయించండి. లోన్ యాప్‌లు వేరే, మనుషుల దగ్గర తెచ్చినయి వేరే. రేపు ఇద్దరూ బ్యాంకుకు పోయి రోజువారీ యూపీఐ పరిమితి వీలైనంత తగ్గించండి. జీతం వస్తుంటే కొన్నాళ్లు మీ చేతిమీదుగా నడిచేటట్టు మాట్లాడుకోండి. తీర్చేటప్పుడు పైసలు బాబు చేతికియ్యకుండ నేరుగా బాకీ ఇచ్చినోళ్లకే కట్టి, రసీదు తీసుకోండి. లోన్ యాప్ వాళ్లు బెదిరిస్తే, ఫొటోలు పంపుతమంటే 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇయ్యండి.

శ్రోత: రాత్రి నిద్ర పోతలేడు బిడ్డా. సచ్చిపోత అంటడు.

శిక్షకురాలు: అయితే ముందుగాల ఆ పని అమ్మా, బాకీ తర్వాత. ఈ ఫోన్ పెట్టంగనే 14416కు చెయ్యండి. టెలి మానస్, ప్రభుత్వానిదే, పైసలు పడవు, రాత్రి పగలు ఉంటరు, తెలుగులో మాట్లాడతరు. బాబుతోని కూడా మాట్లాడించండి. ఇయ్యాల రాత్రి వాడిని ఒక్కడినే ఉంచకండి, పురుగుల మందు గిట్ల ఇంట్ల ఉంటే పక్కింట్ల పెట్టి రండి.

వ్యాఖ్యాత: అమ్మా, లైన్ కట్ చెయ్యకండి. మా వాళ్లు మీతోని మాట్లాడి ఆ నంబర్ మీరు రాసుకునేదాకా ఉంటరు. శ్రోతలకు మళ్లీ చెప్తున్న: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.