హీరోకి పోయేదేం లేదు, మరి పోయేది ఎవరికి?

హోస్ట్: నమస్కారం. ఈ వారం పైరసీ గురించి మాట్లాడుకుందాం. నా ఎదురుగా ఉన్నది మా బాబాయ్. గోదావరి జిల్లాలో ఒక చిన్న టౌన్‌లో చాలా ఏళ్లు థియేటర్ లీజుకి తీసుకుని నడిపాడు. ఇప్పుడు ఆ హాలు ఎరువుల గోడౌన్. బాబాయ్, మైక్ కొంచెం దగ్గరికి లాక్కో.

బాబాయ్: నాకు మైక్ ఎందుకురా? టికెట్ల దగ్గర తోసుకునేవాళ్ల మీద అరిచి అరిచి పెరిగిన గొంతు ఇది.

హోస్ట్: సరే, విషయానికి వస్తా. 2025 నవంబర్‌లో, కొత్త సినిమాలు దొంగతనంగా ఫ్రీగా పెట్టే ఐబొమ్మ సైట్‌ని నడుపుతున్నాడని ఒకతన్ని హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు అరెస్ట్ చేశారు. సీపీ సజ్జనార్ ప్రెస్‌మీట్‌కి చిరంజీవి, నాగార్జున, రాజమౌళి వచ్చారు. ఇటు సోషల్ మీడియాలో చూస్తే బోలెడుమంది ఆ అరెస్టయినవాడికే జై కొట్టారు. పేదోళ్ల పాలిట రాబిన్‌హుడ్ అన్నారు.

బాబాయ్: అనరా మరి? పుష్ప 2 ప్రీమియర్‌కి తెలంగాణలో టికెట్ మీద అదనంగా 800 వేసుకోమని పర్మిషన్ ఇచ్చారు. టికెట్ వెయ్యి దాటింది. నలుగురున్న ఇంట్లో ఆ తండ్రి ఏం చేస్తాడు? ఆ కోపంలో తప్పు లేదు. కాకపోతే అది తగలాల్సినవాడికి తగలట్లేదు. పెద్ద హీరో రెమ్యూనరేషన్ రిలీజ్ నాటికే చాలావరకు ముట్టేస్తుంది. శాటిలైట్ అంటే టీవీ హక్కులు, ఓటీటీ, హిందీ డబ్బింగ్ అమ్ముకుని నిర్మాత కూడా కాస్త ఒడ్డున పడతాడు. హాలు ఖాళీగా ఉంటే మునిగేది ఏరియా కొనుక్కున్న బయ్యరు, అతనికి అడ్వాన్స్ కట్టిన నాలాంటోడు, క్యాంటీన్ పాడుకున్నవాడు, సైకిల్ స్టాండ్ పాడుకున్నవాడు.

హోస్ట్: ఆ మునగడం ఎలాగో చెప్పు. వినేవాళ్లలో చాలామందికి ఈ లెక్క తెలీదు.

బాబాయ్: ఈస్ట్, వెస్ట్ గోదావరి, కృష్ణా, గుంటూరు, సీడెడ్ అంటే రాయలసీమ, నైజాం అంటే తెలంగాణ... ఇలా ఏరియాలవారీగా సినిమా అమ్ముతారు కదా. బయ్యరు వడ్డీకి తెచ్చి కొంటాడు. రిలీజ్ దగ్గరపడే సరికి మా దగ్గర అడ్వాన్సులు వసూలు చేస్తాడు. నేను ఇవ్వాలంటే క్యాంటీన్ వాడి డిపాజిట్ ముందే లాగాలి. అంటే బొమ్మ పడకముందే అందరి డబ్బూ అందులో ఇరుక్కుంది. శుక్ర, శని, ఆది గడిచిపోతాయి, ఫ్యాన్స్ వస్తారు. అసలు పరీక్ష సోమవారం మార్నింగ్ షో. ఇంట్లో ఆడవాళ్లు, పెద్దవాళ్లు సినిమాకి కదిలేది ఆ తర్వాతే. సరిగ్గా ఆ టైముకి ఫోన్లోకి హెచ్‌డీ ప్రింట్ వచ్చేస్తే వాళ్లింక గడప దాటరు. యావరేజ్ సినిమా రెండో వారం ఆడాలంటే వాళ్లే దిక్కు.

హోస్ట్: నువ్వే లీజుకి తీసుకున్నావు కాబట్టి నష్టం నీదే అన్నమాట.

బాబాయ్: నెల తిరిగేసరికి కరెంటు బిల్లు వస్తుంది, ఆపరేటరుకి జీతం ఇవ్వాలి. హాలు నిండినా నిండకపోయినా ఏసీ ఒకటే తిరుగుతుంది. 2025లో ఎగ్జిబిటర్లు, అంటే థియేటర్లు నడిపేవాళ్లు, అద్దె పద్ధతి వద్దు, వసూళ్లలో పర్సంటేజీ కావాలని, లేకపోతే జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామని పంతం పట్టింది ఎందుకనుకున్నావు?

హోస్ట్: ఇంతకీ ప్రింట్ బయటికి ఎలా వెళ్తుంది బాబాయ్? నీ థియేటర్ నుంచి వెళ్లొచ్చా?

బాబాయ్: వెళ్లొచ్చు. సినిమా తాళం వేసిన ఫైలులా వస్తుంది. దాన్ని తెరిచే కీ వేరే పంపుతారు, కేడీఎం అంటాం. అది మన సర్వర్‌కి మాత్రమే, ఆ తేదీలకి మాత్రమే పనిచేస్తుంది. గురువారం రాత్రి కీ రాకపోతే చూడాలి టెన్షన్! బయట జనం, లోపల ఆపరేటర్ గంటకోసారి ఆఫీసుకి ఫోన్. బొమ్మలో కంటికి కనపడని వాటర్‌మార్క్ కూడా ఉంటుంది. ఎవడైనా తెర మీది బొమ్మని ఫోన్‌తో తీస్తే ఏ థియేటర్‌లో, ఏ టైములో తీశాడో దాన్ని బట్టి పట్టేస్తారు. అందుకే మేం టార్చిలైట్ వేసుకుని వరసలు వెతికేవాళ్లం. ఇప్పుడు చొక్కా జేబులో ఫోన్ పెట్టుకుని, స్క్రీన్ ఆఫ్‌లో ఉన్నట్టు కనపడేలా తీస్తున్నారట. ఇంకా కొందరు థియేటర్ జోలికే రారు, సినిమాలు పంపించే కంపెనీల సర్వర్లలోకే దూరుతున్నారు. 2025 సెప్టెంబర్‌లో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా మీద ఉన్న ఆరోపణ అదే. అలాంటప్పుడు నా టార్చిలైట్ ఏం చేస్తుంది చెప్పు?

హోస్ట్: ఇప్పుడు నేను అడ్డం తిరుగుతా. కన్సల్టింగ్ సంస్థ ఈవై, ఇంటర్నెట్ కంపెనీల సంఘం ఐఏఎంఏఐ కలిసి 2024లో ఒక రిపోర్ట్ ఇచ్చాయి. 2023లో మన దేశంలో పైరసీ విలువ 22,400 కోట్లట. అందులో థియేటర్ల నుంచి తీసిన కంటెంట్ వాటా 13,700 కోట్లు, ఓటీటీది 8,700 కోట్లు. ఇలాంటి అంకెలు చూస్తే నాకు అనుమానం వస్తుంది. ఫ్రీగా చూసిన ప్రతివాడూ ఫ్రీ లేకపోతే టికెట్ కొనేవాడా?

బాబాయ్: కొనడు. చాలామంది కొనరు. ఆ మాట మా వాళ్లు ఎవరూ పైకి అనరు గానీ, నిజం అదే. ఐబొమ్మలో చూసినవాడిలో సగం మంది టీవీలో వచ్చేదాకా ఆగే రకం.

హోస్ట్: యూరోపియన్ కమిషన్ ఇదే లెక్క తేల్చమని ఎకోరిస్ అనే సంస్థకి 3 లక్షల 60 వేల యూరోలిచ్చి స్టడీ చేయించింది. సంగీతం, పుస్తకాలు, గేముల్లో పైరసీ వల్ల అమ్మకాలు పడిపోయాయని గట్టిగా రుజువు దొరకలేదు. ఆ రిపోర్ట్ 2015లోనే చేతికొచ్చినా కమిషన్ బయటపెట్టలేదు, 2017లో యూరోపియన్ పార్లమెంట్ సభ్యురాలు జూలియా రేడా బయటికి లాగింది. తమాషా ఏంటంటే అందులో ఒక్క మినహాయింపు ఉంది, కొత్తగా రిలీజైన పెద్ద సినిమాలు. అలాంటివి పది దొంగతనంగా చూస్తే డబ్బిచ్చి చూసేవి నాలుగు తగ్గుతాయని తేలింది.

బాబాయ్: అదీ! పదికి పది కాదు, నాలుగు. నా హాలు నడవాలా మూతపడాలా అన్నది ఆ నాలుగులోనే ఉంది.

హోస్ట్: కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు ఇంకోటి చూశారు. రిలీజ్ తర్వాత లీకైన సినిమాతో పోలిస్తే ముందే లీకైన సినిమాకి బాక్సాఫీస్ సగటున 19 శాతం తగ్గిందట. మరి మన అత్తారింటికి దారేది సంగతేంటి? 2013 సెప్టెంబర్‌లో సగం సినిమా రిలీజ్‌కి ముందే లీకైంది. కృష్ణా జిల్లా పెడనలో సీడీలు అమ్మారు. అయినా సూపర్ హిట్.

బాబాయ్: ప్రతివాడూ ఆ సినిమానే చెప్తాడు! అక్టోబర్ 9న రావాల్సింది, పరుగులెత్తుకుంటూ సెప్టెంబర్ 27కి తెచ్చేశారు. లీకైంది సగమే. పైగా పవన్ కళ్యాణ్ ఫ్యాన్స్ దాన్ని తమ ఇంటి గొడవలా తీసుకున్నారు. కొత్త కుర్రాళ్లు తీసిన సినిమాకి ఎవరొస్తారు కొట్లాడటానికి? ఇప్పుడు ఓటీటీ వాళ్లు కూడా చిన్న సినిమాని ముందే కొనట్లేదు, థియేటర్‌లో ఎంత చేసిందో చూసి రేటు చెప్తున్నారు. మొదటి వారం పోయిందంటే ఆ రేటూ పోయినట్టే.

హోస్ట్: తండేల్ గుర్తుందా? శ్రీకాకుళం మత్స్యకారుల కథ. 2025 ఫిబ్రవరిలో రిలీజైన కొద్ది రోజులకే పలాస నుంచి విజయవాడ వెళ్లే ఆర్టీసీ బస్సులో పైరసీ ప్రింట్ వేశారని నిర్మాత బన్నీ వాసు బయటపెట్టాడు. ఎంక్వైరీ వేశారు.

బాబాయ్: ఆ జిల్లా కథని ఆ జిల్లా నుంచి బయల్దేరిన బస్సులోనే! ఇంట్లో కూర్చుని చూసేవాడి సంగతి అలా ఉంచు. బస్సులో వేసేవాడు, కేబుల్లో వేసేవాడు... వాళ్లది పేదరికం కాదు, వ్యాపారం. చట్టం గట్టిగా పట్టుకోవాల్సింది వాళ్లని.

హోస్ట్: చట్టం ఉంది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం మార్చారు. అనుమతి లేకుండా రికార్డ్ చేసినా, లాభం కోసం ఆ కాపీ జనానికి వేసినా మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు. జరిమానా కనీసం 3 లక్షలు, గరిష్ఠంగా సినిమా ఖర్చులో 5 శాతం.

బాబాయ్: కాగితం మీద బానే ఉంది. నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే. ఐబొమ్మ ఫ్రీ అంటారు కదా, సర్వర్లకి డబ్బులు ఎక్కడివి? బెట్టింగ్ యాప్‌ల ప్రకటనలవని పోలీసులే చెప్పారు. ఆ యాప్‌లలో పోగొట్టుకునేది ఎవరు? మన ఊళ్లలో డిగ్రీ చదివే కుర్రాళ్లు. నువ్వు టికెట్ కొనలేదు, సరే. నీ టికెట్ డబ్బు పక్కింటి కుర్రాడు పేకాటలో పోగొట్టి కట్టాడు. దీన్ని రాబిన్‌హుడ్ అంటారా?

హోస్ట్: అబ్బా... ఈ మాట ఎక్కడా వినలేదు.

బాబాయ్: వినపడదు, ఎందుకంటే మా ఇండస్ట్రీ వాళ్లకి హీరో నష్టపోయాడనడమే అలవాటు. అలా అంటే ఎవడికి జాలేస్తుంది? పైగా మావాళ్ల తప్పులు మావాళ్లవి ఉన్నాయి. 2022 ఆగస్టులో షూటింగులు ఆపేసి మరీ ఓటీటీకి ఎనిమిది వారాల గ్యాప్ అని తీర్మానం చేశారు. ఇప్పుడు చాలా సినిమాలు నాలుగు వారాలకే వచ్చేస్తున్నాయి. ఇంకో పదిరోజులు ఆగితే ఇంట్లోనే చూడొచ్చని జనానికి నేర్పింది వాళ్లే కదా.

హోస్ట్: చివరిగా ఒకటి. ఎక్కడా దొరకని పాత సినిమా. డీవీడీ లేదు, ఓటీటీలో లేదు. ఎవరో అప్‌లోడ్ చేస్తే చూడొచ్చా?

బాబాయ్: చూసుకో. చట్టం ఏమంటుందో నాకనవసరం. దాన్ని ఆడించే హాలూ లేదు, కొన్న బయ్యరూ లేడు. పోయేది ఎవరికి? హక్కులున్నవాళ్లు ఏదో యాప్‌లో పెట్టి పది రూపాయలు అడగొచ్చు కదా, నేనైతే ఇచ్చేస్తా.

హోస్ట్: వచ్చే వారం మల్టీప్లెక్స్ వాళ్లని ఎవరినైనా పిలుద్దామనుకుంటున్నా. నీ తరఫున ఏమైనా అడగాలా?

బాబాయ్: అడుగు. టికెట్ రేటు గవర్నమెంట్ చేతిలో ఉంది, మరి పాప్‌కార్న్ రేటు ఎవరి చేతిలో ఉందో అడుగు.