గర్భంతో ఉండగా పెద్ద ఆపరేషన్: ఇంటికి వచ్చాక తల్లి కోలుకోవడం

(విజయనగరంలో ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు, గర్భిణుల కుటుంబ సభ్యులు పాల్గొన్న సభలో ఒక స్త్రీవైద్య నిపుణురాలి ప్రసంగ పాఠం)

ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ టీచర్లకు, ఏఎన్‌ఎంలకు, కోడళ్లనూ కూతుళ్లనూ వెంటబెట్టుకుని వచ్చిన అత్తలకూ అమ్మలకూ నా నమస్కారం.

నేను మాట్లాడబోయేది కాన్పు గురించి కాదు. కడుపులో బిడ్డ ఉండగానే, కాన్పుతో సంబంధం లేని మరో జబ్బుకు ఆపరేషన్ చేయించుకోవలసి వచ్చిన తల్లి ఇంటికి వచ్చాక ఎలా కోలుకోవాలన్నదే నా విషయం. నూరుమంది గర్భిణుల్లో సుమారు ఒకరిద్దరికి ఈ అవసరం వస్తుందని వైద్య గ్రంథాల అంచనా. అత్యవసరంగా చేసేవాటిలో ఎక్కువ భాగం, మన ఊళ్లలో ఇరవై నాలుగు గంటల నొప్పి అని పిలిచే అపెండిసైటిస్‌కు చేసేవే. పిత్తాశయంలో రాళ్లు, అండాశయం మెలిపడటం, పేగు మూసుకుపోవడం ఆ తరువాత వస్తాయి.

గర్భం పెరిగేకొద్దీ అపెండిక్స్ (పెద్దపేగుకు అంటుకుని ఉండే చిన్న తోకలాంటి భాగం) పైకి జరగవచ్చు కాబట్టి నొప్పి పొత్తికడుపులో కాక కుడి పక్క పైభాగాన తెలియవచ్చు. వాంతులను వేవిళ్లుగా పొరబడతారు. అలా ఆలస్యమై అపెండిక్స్ పగిలితే, గర్భం పోయే ప్రమాదం పగలకముందు ఆపరేషన్ చేసినప్పటికంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే అవసరమైన ఆపరేషన్‌ను ఏ నెలలోనైనా వాయిదా వేయరు. ఆగగలిగిన ఆపరేషన్ అయితేనే నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్యకు చూస్తారు.

ఆపరేషన్ గదిలో జరగవలసినది అక్కడివారు చూసుకుంటారు. నన్ను కలవరపెట్టేది ఆ తరువాతి రోజుల్లో ఇంట్లో జరిగేది. బిడ్డకు ఏమవుతుందోనన్న భయంతో, ఎంతో ప్రేమతోనే, మనవాళ్లు తల్లికి తిండి తగ్గిస్తారు, నొప్పి మందు మానిపిస్తారు, మంచం దిగనివ్వరు. ఈ మూడూ తల్లికి చెరుపు చేస్తాయి, తల్లి ద్వారా బిడ్డకూ చేస్తాయి.

తిండి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పప్పు తింటే కుట్లకు చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని, చేప, వంకాయ పనికిరావని చెప్పి, రెండు వారాల పాటు చారు అన్నంతో పథ్యం పెట్టే ఇళ్లు ఈ జిల్లాలోనూ శ్రీకాకుళంలోనూ నేను ఎన్నో చూశాను. చీము పట్టేది క్రిములు చేరడం వల్ల. పప్పుకు దానితో ఏ సంబంధమూ లేదు. పైగా తెగిన కండ అతకడానికి కావలసిన మాంసకృత్తులు ఆ పప్పులో, గుడ్డులో, చేపలోనే ఉన్నాయి. జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం, ఏ ఆపరేషనూ లేని గర్భిణికే మామూలుగా తినేదానికి అదనంగా నాలుగో నెల నుంచి రోజుకు 9.5 గ్రాములు, ఏడో నెల నుంచి 22 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములు. గాయం మానవలసిన తల్లికి పథ్యం పేరుతో ఆ గుడ్డును కూడా తీసేస్తే, ఆమె శరీరం గాయానికి పెట్టాలా బిడ్డకు పెట్టాలా? డాక్టరు తినవచ్చని చెప్పిన నాటి నుంచి, మెత్తగా ఉడికించిన పప్పు, చోడి (రాగి) అంబలి, ఆకుకూర, పెరుగు, అంగన్‌వాడీలో ఇచ్చే పాలు, గుడ్డు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి. పిత్తాశయపు ఆపరేషన్ అయినవారికి మాత్రం కొన్నాళ్లు నూనె తగ్గించండి. ఐరన్ మాత్ర మలబద్ధకం చేస్తుందని, ముక్కితే కుట్లు లాగుతాయని చాలామంది మానేస్తారు. మాత్ర మానకుండా నీళ్లు, పీచు పెంచాలి. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే డాక్టరును అడగాలి. ఆపరేషన్‌లో రక్తం పోయినవారికి ఆ మాత్ర మరింత అవసరం.

నొప్పిని ఓర్చుకోవడం బిడ్డకు మేలు కాదు. నొప్పితో ఉన్న తల్లి గట్టిగా ఊపిరి తీయదు, దగ్గదు, నడవదు. ఊపిరితిత్తుల్లో కఫం చేరి న్యుమోనియాకు దారితీయవచ్చు. డాక్టరు రాసిన మోతాదులో పారాసిటమాల్ గర్భిణులకు వాడదగిన మందు. కానీ ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేయించవద్దు, షాపులో ఐబుప్రోఫెన్ కొనవద్దు. ముఖ్యంగా ఐదో నెల దాటాక ఇవి ఉమ్మనీటిని తగ్గించవచ్చు, నెలలు నిండే వేళ బిడ్డ గుండె దగ్గరి రక్తనాళాన్ని ముందే మూసివేయవచ్చు.

గర్భంలో సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలుకంటే సహజంగానే నాలుగైదు రెట్లు ఎక్కువ. దానికి ఆపరేషన్, మంచాన పడి ఉండటం తోడైతే కాలి సిరల్లో గడ్డలు ఏర్పడవచ్చు. కాబట్టి డాక్టరు అనుమతించిన వెంటనే, మరొకరి ఆసరాతో గదిలోనైనా నడిపించండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్లు రాస్తే భయపడవద్దు, ఆ మందు మాయను దాటి బిడ్డకు చేరదు. నడక వేరు, బరువు వేరు: నీళ్ల బిందె, ధాన్యం బస్తా, ఉపాధి పని డాక్టరు ఒప్పుకునేదాకా వద్దు. ఐదో నెల దాటినవారు వెల్లకిలా కాక, తలగడ ఆసరాతో ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి.

ఆశా అమ్మలూ, మొదటి వారం మీరు రోజూ ఒకసారి ఆ గడప తొక్కండి. పొట్ట ఆగి ఆగి గట్టిపడుతున్నా, రక్తం గానీ ఉమ్మనీరు గానీ పోతున్నా, జ్వరం వచ్చినా, కుట్ల నుంచి చీము కారినా, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టినా, బిడ్డ కదలిక తగ్గినా ఆసుపత్రికి పంపండి. ఆయాసం, గుండెనొప్పి వస్తే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. సాలూరు, సీతంపేట వైపు కొండ ఊళ్లలో డోలీ మోసి రోడ్డు చేరవలసినవారు ఈ మొదటి వారమైనా కింద బంధువుల ఇంట్లో ఉండేలా ముందే మాట్లాడండి.

మత్తు మందు వల్ల బిడ్డ అవిటిదవుతుందేమోనని ఆ తల్లి రాత్రుళ్లు నిద్రపోదు. ఇప్పుడు వాడే మత్తు మందులు మామూలు మోతాదులో మనుషుల్లో పుట్టుకతో వచ్చే లోపాలు కలిగిస్తాయని రుజువు కాలేదు. ఈ మాట ఆమెకే కాదు, దిష్టి అనీ గ్రహణం అనీ ఆమెను నిందించే పెద్దలకూ చెప్పండి. నొప్పి వచ్చినందుకు ఆమె తప్పేమీ లేదు.

చివరగా, డిశ్చార్జి కాగితాన్ని తల్లీబిడ్డల కార్డులోనే పెట్టించండి. అపెండిక్స్ ఆపరేషన్ గర్భసంచిని కోసేది కాదు. పొట్టమీద ఆ మచ్చ ఒక్కటే సిజేరియన్‌కు కారణం కాదు. గాయం మానిన చాలామందికి మామూలు కాన్పు సాధ్యమే. ఏ ఆపరేషన్ జరిగిందో కాన్పు చేసే డాక్టరుకు తెలియాలంటే ఆ కాగితం ఆమె చేతిలో ఉండాలి.